చప్పుడు లేని నవ్వు

పోయిన వారం ఒక పెద్దమనిషిని గేటు దగ్గర నిలబెట్టి మనం మన పనుల మీద వెళ్లిపోయాం. చేతిలో గొడుగు, మొహం నిండా చెమట, గేటు తీయాలా వెనక్కి తిరగాలా అన్న సందేహం. పాపం, వారం రోజులుగా అక్కడే ఉన్నాడు. ఇక లోపలికి పిలుద్దాం.

వచ్చినవాడు మిమిక్రీ మాస్టారు. ప్రతి శనివారం టీవీలో పొట్టకు దిండు కట్టుకుని, చేతులు వెనక్కి పెట్టుకుని, ఎవరేమడిగినా "గుర్తులేదు" అంటూ జనం పొట్టలు చెక్కలయ్యేలా నవ్వించే మనిషి. ఎవరి వేషం వేసి ఇల్లు కట్టుకున్నాడో ఆయన ఇంటికే రమ్మని కబురొస్తే గేటు దగ్గరే ఆగిపోడూ మరి!

పైపుల కేసు సంగతి పాత పాఠకులకు తెలుసు, కొత్తవాళ్ల కోసం రెండు ముక్కలు. నాలుగేళ్ల కిందట ఊరికి మంచినీళ్ల కోసం వేసిన పైపులు ఆరు నెలలు తిరక్కుండానే పగిలిపోయాయి. నాసిరకమని ఇంజనీరు వెనక్కి పంపబోయిన సరుకును దింపుకోమని మంత్రిగారి గొంతు ఫోన్లో చెప్పింది. ఇంజనీరు ముందుచూపు గలవాడు, రికార్డు చేసి పెట్టుకున్నాడు. విచారణలో మంత్రిగారు ఒక్క రోజులో నలభై ఒక్కసార్లు "గుర్తులేదు" అన్నారు. పత్రికలవాళ్లు పని మానుకుని లెక్కపెట్టారు. ఆనాటి నుంచి ఆయన పేరే గుర్తులేదు గారు అయిపోయింది. ఆ మాట అచ్చేసిన చొక్కాలు వచ్చాయి. లెక్కలు ఎందుకు చెయ్యలేదని అడిగితే బడిపిల్లలు చేతులు వెనక్కి పెట్టుకుని అదే మాట అంటున్నారు. పదవి పోయింది, పార్టీ పొమ్మంది, బ్యాంకు ఖాతాలు ఆగిపోయాయి, కోర్టువాళ్లు వచ్చి ఇంట్లో సామాన్లన్నిటికీ నంబర్లు అంటించి పోయారు. వేలం తేదీ ఒక్కటే ఇంకా వేయలేదు.

"రావయ్యా రా!" అంటూ మాజీ మంత్రిగారు చేతులు చాపి ఎదురొచ్చారు. "పదిహేడో నంబరు మీద కూర్చో. పంతొమ్మిది వద్దు, కాలు విరిగింది. ఈ ఇంట్లో నంబరు పడనిది నాకూ, మా ఆవిడకే. పాతసరుకని వదిలేశారు."

మాస్టారు పదిహేడో నంబరు కుర్చీ అంచున, కుర్చీకి బరువు తెలియనట్టు కూర్చున్నాడు.

"నన్ను మరీ లావు చేస్తున్నావయ్యా. రెండు దిళ్లు పెడుతున్నావా?"

"ఒకటేనండి. కాస్త పెద్దది."

"చిన్నది పెట్టు. కోర్టు చుట్టూ తిరిగి నేను తగ్గాను, చూస్తున్నావుగా! ఇంకో మాట. నేను కళ్లజోడు ఎడం చేత్తో తీస్తాను. నువ్వు కుడిచేత్తో తీస్తున్నావు. చేసేదేదో శ్రద్ధగా చెయ్యి."

మాస్టారు తన కుడిచెయ్యి చూసుకున్నాడు. తిడతారేమో, కొడతారేమో అనుకుని వచ్చినవాడు, తప్పులు దిద్దించుకోవడానికి సిద్ధపడి రాలేదు మరి.

తలుపు దగ్గర నిలబడి ఇదంతా చూస్తున్న ఆయన భార్య ఎక్స్ఛేంజమ్మకు కోపమూ వచ్చింది, నవ్వూ వచ్చింది. ముప్పై ఆరేళ్లుగా ఈ మనిషితో ఆవిడకు ఎప్పుడూ రెండూ కలిసే వస్తాయి. ఆ పేరు పెట్టింది ఆయనే. పెళ్లికి ముందు నుంచే ఆవిడ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరు. అప్పట్లో ఆయన ఓ మిల్లు యూనియన్‌లో కుర్ర నాయకుడు. పనున్నా లేకున్నా రోజుకో ట్రంకాల్ బుక్ చేసేవాడు. నాలుగో నెలలో, "అసలు నాకు అవతలివాళ్లతో పనేమీ లేదండీ, మీతోనే పని" అన్నాడు. ఆవిడ టక్కున లైను కట్ చేసింది. మర్నాడు మళ్లీ తనే కలిపింది.

ఇరవై రెండేళ్లు చెవికి హెడ్‌ఫోను తగిలించుకుని బతికిన మనిషి. ఊళ్లో సగంమంది గొంతులు ఆవిడ చెవిలో ఉన్నాయి. కాబట్టే కోర్టులో ఆ రికార్డు వినిపించిన రోజున, ఆ డొక్కు స్పీకరులోంచి కూడా, ఒక్క సంగతి ఆవిడకు ఖాయంగా తెలిసింది. అది తన భర్త గొంతు కాదు.

ఎలాగంటారా? చివర్లో ఒక నవ్వుంది. హ్హ, హహ్హ, హూ. మూడు మెట్లు దిగినట్టు ఉండే ఆ నవ్వు ఊరందరికీ తెలుసు. టీవీలో మాస్టారు నవ్వే నవ్వు అదే. ఆయన అసలు నవ్వు ఆవిడకు తెలిసినట్టు ఎవరికీ తెలియదు. దానికి చప్పుడే ఉండదు. పెదాలు మూసుకుంటాయి, పొట్ట కదులుతుంది, కళ్లవెంట నీళ్లు కారతాయి, అంతే. పెళ్లైన కొత్తలో మొదటిసారి చూసి గుండెపోటేమోనని పక్కింటివాళ్లను కేకేసింది కూడా.

ఆయన తరఫు లాయరమ్మకు చెబితే తల పట్టుకుంది. "ఆ నవ్వు ఆయనది కాదంటే ఎవరు నమ్ముతారు మేడమ్? వంద సభల్లో అదే నవ్వు నవ్వారు. వీడియోలున్నాయి." నిజమే. టీవీలో ఆ నవ్వుకు చప్పట్లు పడుతున్నాయని చూసి ఈయనగారు కూడా మైకు ముందు అదే నవ్వడం మొదలుపెట్టారు. తనను వెక్కిరించినవాణ్ణి చూసి తను నేర్చుకున్న మంత్రి ఈయనొక్కడే అయి ఉంటాడు. జనం అడిగితే ఇవ్వకుండా ఉండలేడు, అదీ ఆయన జబ్బు.

రేపు పొద్దున పదకొండింటికి ఆవిడ సాక్ష్యం. ఈయన నోరు విప్పి "అది నా గొంతు కాదు" అని ఒక్కసారి కూడా అనలేదు. గుర్తులేదు, గుర్తులేదు, గుర్తులేదు! ఎందుకిలా అంటున్నారని ఇంట్లో అడిగితే గుమ్మం వైపు చూస్తారు. ఇక తనే చూసుకోవాలనుకుంది. ఆ నవ్వు పుట్టించినవాణ్ణే పట్టుకుని నిజం చెప్పించాలని మాస్టారికి ఫోన్ చేసింది.

టీ గ్లాసు చేతికిచ్చి సూటిగానే అడిగింది. "ఆ నవ్వు మీరు పుట్టించిందేనా?"

"అవునమ్మా," మాస్టారు తల దించుకున్నాడు. "సార్ వెనక నెలరోజులు తిరిగాను. ఆయన నవ్వుకి చప్పుడు లేదు. చప్పుడు లేని నవ్వుని మైకులో నేనెలా వినిపించను? అందుకని కల్పించాను. తప్పైపోయింది."

"చూశావా, కళాకారుడి కష్టం!" అన్నారు మంత్రిగారు. "సరేలే, టీ తాగి వెళ్లనివ్వవే. పాపం రిహార్సల్ ఉంటుంది."

ఆవిడ ఆయన వైపు ఓరగా చూసింది. అయిదు నిమిషాల కిందట కూర్చో కూర్చో అన్న మనిషికి ఇప్పుడింత తొందరేమిటి? వచ్చినవాళ్లను భోజనం వేళ దాటినా వదలని మనిషాయె.

"రేపు కోర్టుకు వచ్చి ఆ ఫోను చేసింది మీరేనని చెప్పండి," అంది. "ఎవరు చేయించారో అది కూడా చెప్పండి. మీ మీదకు ఎక్కువ రాకుండా చూడమని లాయరమ్మతో మాట్లాడతాను."

మాస్టారు గ్లాసు కింద పెట్టేశాడు. "నేనా? అమ్మా, నా పిల్లల మీద ఒట్టు! నేనెప్పుడూ స్టేజీ దిగాక ఆయన గొంతు వాడలేదు. అసలా రికార్డే నేను వినలేదు. పేపర్లో చదివానంతే."

"అయితే ఇప్పుడు వినండి."

"వద్దు," అన్నారు మంత్రిగారు.

ఆ మాట మెల్లగానే వచ్చింది. కానీ వేదికలెక్కి వేలమందిని ఊపిన మనిషి అంత చిన్న గొంతుతో మాట్లాడటం ఆవిడ ఎప్పుడూ వినలేదు. అయినా, లాయరమ్మ పంపిన రికార్డును సెల్‌ఫోనులో నొక్కింది.

గది నిండా మంత్రిగారి గొంతు. 'చూడు ఇంజనీరూ, సరుకు దింపించుకో, మిగతాది నేను చూసుకుంటాలే.' ఆ తర్వాత నవ్వు. హ్హ, హహ్హ, హూ.

మాస్టారు భయం మరిచిపోయాడు. పనివాడి మొహం వచ్చింది. "మళ్లీ పెట్టండమ్మా." మళ్లీ పెట్టింది. "ఇదిగో, రెండోదానికీ మూడోదానికీ మధ్య. నేను గాలి వదిలేస్తాను. ఇతను లోపలికి పీలుస్తున్నాడు. పీల్చినప్పుడు సన్నగా ఈల వినబడుతోంది చూడండి. ఎన్నిసార్లు చెప్పానో! గాలి పీల్చకు బాబూ, నీ ఛాతీ ఈల వేస్తుంది, నువ్వు దొరికిపోతావు అని."

"ఎవరికి చెప్పారు?" అంది ఎక్స్ఛేంజమ్మ.

అడిగిందే గానీ, ఆవిడకు జవాబు అక్కర్లేకపోయింది. ఆ ఈల ఆవిడకు తెలుసు. అమ్మ పోయినప్పుడు తన తమ్ముడికి ఏడేళ్లు. చలి పెరిగితే వాడి ఛాతీలో పిల్లి కూర్చున్నట్టు ఉండేది. రాత్రంతా ఒళ్లో కూర్చోబెట్టుకుని వీపు రాస్తూ ఆ ఈల ఎప్పుడు తగ్గుతుందా అని విన్నది ఈ చెవులతోనే. నిజం చెప్పాలంటే, కోర్టులో విన్న రోజునే చెవి పట్టేసింది. మనసే ఆ లైను కలపనివ్వలేదు.

మాస్టారికివేమీ తెలియవు, చెప్పుకుపోతున్నాడు. "మూడు నెలలు సాయంత్రాలు వచ్చి నేర్చుకున్నాడమ్మా. మంచి మనిషి. బావగారి అరవయ్యో పుట్టినరోజు వస్తోంది, అందరి ముందూ ఆయన గొంతుతో మాట్లాడి ఆయన్ని ఆశ్చర్యపరచాలని ఆశ. డబ్బులు కూడా ముందే..." అని, ఎదుటివాళ్ల మొహాలు చూసి ఆగిపోయాడు. బావగారంటే ఎవరో అప్పుడు వెలిగింది పాపం.

అరవయ్యో పుట్టినరోజు ఆవిడకు కళ్లముందు మెదిలింది. "ఈసారి నేనొక ఐటం చేస్తానక్కా, ఎవరికీ చెప్పకు" అని నెల ముందు నుంచీ ఊరించాడు. తీరా ఆ రోజు గొంతు పట్టేసిందని మెడకు మఫ్లరు చుట్టుకుని వెనక వరసలో కూర్చున్నాడు. ఆవిడ మిరియాల కషాయం కాచి ఇచ్చింది. అప్పటికే ఆ గొంతు వేరే చోట వాడేశాడన్నమాట. వాడి స్నేహితుడిదే పైపుల కంపెనీ.

మాస్టారు లేచి, గొడుగు మరిచిపోయి, గుమ్మం దాకా వెళ్లి, గొడుగు కోసం మళ్లీ వచ్చి, ఏం చేయాలో తెలియక గొడుగు పట్టుకుని అక్కడే నిలబడ్డాడు. అతన్ని ఎవరూ పట్టించుకోలేదు.

"మీకు ముందే తెలుసా?" అంది ఆవిడ భర్తతో.

"గుర్తులేదు."

"నాతో కూడానా!" చేతిలో ఉన్న సెల్‌ఫోను విసరబోయి, దానికీ నంబరు ఉందని గుర్తొచ్చి ఆగింది. "ఊరందరి ముందూ అన్నారు, ఊరుకున్నాను. నా ముందు ఆ మాటంటే మర్యాదగా ఉండదు."

ఆయన చాలాసేపు కళ్లజోడు తుడుచుకున్నారు. ఎడం చేత్తోనే తీశారు, మాస్టారు గమనించాడు.

"కోర్టులో మొదటిసారి వినిపించినప్పుడే తెలిసింది," అన్నారు. "నీకు మాత్రమే అనుకున్నావా చెవులు? మన పెళ్లైన కొత్తలో వాడు మన గదిలోనే పడుకునేవాడు. మనిద్దరి మధ్య! కొత్త పెళ్లికొడుకుని, ఆ ఈల వింటూ పైకప్పు చూస్తూ ఎన్ని రాత్రులు గడిపానో దేవుడికే తెలియాలి. అది నేను మర్చిపోతానటే?"

ఆవిడకు ఏడుపు రావలసిన చోట నవ్వొచ్చింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

"నా గొంతు కాదంటే, మరి ఎవరిదని అడుగుతారు. అడిగితే చెప్పాలి. చెబితే నువ్వు చచ్చిపోతావు. అందుకని గుర్తులేదన్నాను. ఒకసారి మొదలుపెట్టాక అదే బాగుందనిపించింది. ఏమడిగినా సరిపోయింది."

"మీరు చేయని తప్పుకి..."

"చేయలేదని నేననలేదు." ఆయన గొంతు మారింది. "సరుకు దింపిన మర్నాడు ఇంజనీరు వచ్చి, 'మీరు చెప్పినట్టే చేశాను సార్' అన్నాడు. నేనేం చెప్పానో నాకు తెలియదు. ఏం చెప్పానయ్యా అని అడగొచ్చు కదా? అడగలేదు. మంత్రికి తెలియని సంగతి ఉందంటే నామోషీ. చేతులు వెనక్కి పెట్టుకుని 'భేష్' అన్నాను. ఆ రోజు అడిగి ఉంటే పైపులు భూమిలోకి దిగేవి కావు. ఎండాకాలమంతా జనం బిందెలు పట్టుకుని నిలబడేవాళ్లు కాదు. కాబట్టి నాకు పడ్డది మరీ అన్యాయంగా ఏమీ పడలేదు."

ఆయన కడిగిన ముత్యమేమీ కాదని ఆవిడకు తెలుసు. అయినవాళ్లకు కాంట్రాక్టులు, అడిగినవాళ్లకు ఉత్తరాలు, పొగిడినవాళ్లకు పదవులు, అన్నీ ఇచ్చాడు. కానీ ఈ మనిషి తన కోసం ఊరంతటి ఎగతాళి ఒక్కడే మోశాడని తెలిసి, ఆవిడకు ఒళ్లంతా ప్రేమ ముంచుకొచ్చింది. ఆ ప్రేమతోనే గట్టిగా తిట్టింది కూడా.

సరిగ్గా అప్పుడు వీధి తలుపు తెరుచుకుంది.

"అక్కా, నీ కళ్లజోడు బాగు చేయించుకొచ్చాను. రేపు కోర్టులో ఊడిపోతుందని భయపడ్డావుగా, స్క్రూ కొత్తది వేయించాను..." అంటూ వచ్చిన తమ్ముడు, గొడుగు పట్టుకుని నిలబడ్డ మనిషిని చూశాడు. "మాస్టారూ!" అన్నాడు. అనేశాక, అనకూడదని తెలిసింది.

నలభై నాలుగేళ్ల మనిషి. ముందు జుట్టు పల్చబడింది. బావ పదవి పోయి చుట్టాలందరూ మొహం చాటేసినా, గత ఏడాదిగా ఈ ఇంట్లోనే ఉంటూ బిల్లులు కట్టడం, కొళాయిలు బాగుచేయించడం, బావ మందులు తేవడం అన్నీ వాడే చేస్తున్నాడు. ఎందుకంత చేస్తున్నాడో ఆవిడకు ఇప్పుడు అర్థమైంది. వాడు ముగ్గురి మొహాలూ చూశాడు. టేబుల్ మీది సెల్‌ఫోను చూశాడు. ఊపిరి బిగిసింది. ఈల మొదలైంది.

ఆవిడ సొరుగు లాగి, ఉబ్బసం మందు పంపు తీసి వాడి నోటికి పెట్టింది. "పీల్చు. మెల్లగా. ఇంకోసారి." వీపు రాసింది. చెయ్యి తన పని తను చేసుకుపోయింది, చేతికి కేసులూ కోర్టులూ తెలియవు.

ఊపిరి కుదుటపడ్డాక అంది. "ఇంజనీరు నమ్ముతాడో లేదో చూద్దామనుకున్నావా?"

"ముందు ఆటకే అక్కా. నిజంగా ఆటకే. వాడు నమ్మేశాడు. 'సరే సార్' అన్నాడు. నాతో జన్మలో ఎవరూ 'సరే సార్' అనలేదు." తల ఎత్తలేదు. "తర్వాత చెబుదామనుకున్నాను. రోజూ అనుకున్నాను. బావ గుర్తులేదంటుంటే..."

"ఇప్పుడు నా మాట విను. ఎక్స్ఛేంజిలో ఇరవై రెండేళ్లు పనిచేశాను. ఎవరెవరి గుట్లో నా చెవిన పడ్డాయి. ఒక్కటి బయట పెట్టలేదు. కానీ అడిగిన నంబరు కాక వేరే నంబరు ఒక్కరికీ కలపలేదు. రేపు అడుగుతారు. అడిగితే అబద్ధం చెప్పలేను."

"చెప్పవద్దే," అన్నారు మంత్రిగారు. "గుర్తులేదను. చాలా తేలిక. నేను నేర్పిస్తాను."

ఎవరూ నవ్వలేదు. తమ్ముడు కళ్లజోడు అక్క చేతిలో పెట్టి, గుడ్డతో ఒకసారి తుడిచి, తన గదిలోకి వెళ్లిపోయాడు. తెల్లవారి చూస్తే గది ఖాళీ. దుప్పటి మడతపెట్టి ఉంది. మందు పంపు లేదు. అదొక్కటీ తీసుకెళ్లాడని ఆవిడకు కాస్త ధైర్యం కలిగింది.

పదకొండింటికి కోర్టు హాలు కిక్కిరిసిపోయింది. గుర్తులేదు గారి పెళ్లానికైనా ఏమైనా గుర్తుందో లేదో చూసి పోదామని వచ్చినవాళ్లే సగంమంది. కుర్రాళ్లు కొందరు ఆ చొక్కాలే వేసుకొచ్చారు. బోనులో ఆయన చేతులు వెనక్కి పెట్టుకోబోయి, ఎవరో కిసుక్కుమనేసరికి ముందుకి తెచ్చుకున్నారు. ఆ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక తడబడుతుంటే చూసి, ఎక్స్ఛేంజమ్మ కళ్లు తిప్పుకుంది.

రికార్డు వినిపించారు. ప్రభుత్వ లాయరు దగ్గరికి వచ్చాడు.

"ఇది మీ భర్త గొంతు కాదంటారు. అంతేనా?"

"కాదండి."

"భార్యగా మీరు అలా అనక ఏమంటారు లెండి." వెనక నవ్వులు. "సరే, ఆయనది కాదు. మరి ఎవరిది? ఏమ్మా, మీక్కూడా గుర్తులేదా?"

హాలు గొల్లుమంది. జడ్జిగారు బల్ల చరచవలసి వచ్చింది. ఆవిడ భర్త వైపు చూసింది. ఆయన పెదవులు కదులుతున్నాయి, చప్పుడు లేకుండా ఆ ఒక్క మాటే అందిస్తున్నారు. అనెయ్యి, అనెయ్యి అన్నట్టు తల ఊపుతున్నారు. తమ్ముడు ఎక్కడున్నాడో, తిన్నాడో లేదో తెలియదు. కళ్లజోడు సర్దుకుంది. కొత్త స్క్రూ గట్టిగా పట్టుకుని ఉంది.

"నాకు బాగా గుర్తుందండి," అంది.

"ఎవరిదో చెప్పండి," అన్నారు జడ్జిగారు కలం పట్టుకుని.

ఆవిడ నోరు తెరిచింది. పేరు నాలుక చివరిదాకా వచ్చింది. ఏడేళ్లప్పుడు వీపు రాస్తూ పిలిచిన పేరు.

అంతలో వినబడింది. హ్హ, హహ్హ...

అందరూ బోను వైపు తిరిగారు. సిగ్గు లేదా ఈ మనిషికి, కోర్టులో కూడానా అన్నట్టు చూశారు. బోనులో ఆయన నోరు మూసుకునే ఉంది. నవ్వు రెండో మెట్టు మీద ఆగింది. అక్కడ సన్నగా, గుండె పిండేసేలా ఒక ఈల. ఆ తర్వాతే మూడోది వచ్చింది. హూ.

ఆ నవ్వు తలుపు దగ్గరి చివరి బెంచీలోంచి వచ్చింది. ఎవరో లేచి నిలబడినట్టు బెంచీ కిర్రుమంది.

"ఎవరది?" అన్నారు జడ్జిగారు.

వెనక్కి తిరిగి చూడవలసిన అవసరం ఎక్స్ఛేంజమ్మకు లేకపోయింది. ఆవిడ బోను వైపే చూస్తోంది. అక్కడ ఆయన పెదాలు బిగించుకుని ఉన్నారు, పొట్ట కదులుతోంది, కళ్లవెంట ధారగా నీళ్లు కారుతున్నాయి. అది నవ్వో ఏడుపో, ముప్పై ఆరేళ్లలో మొదటిసారి ఆవిడకు తెలియలేదు.